వంశానికి ముద్ర వేయొద్దు

స్కిజోఫ్రీనియాలో జన్యువుల పాత్ర ఎంత? సంబంధాలు చూసేవేళ గుసగుసలాడుకునే ప్రశ్నకు శాస్త్రం చెబుతున్న జవాబు ఇది.

చెయ్యి విరిగితే పుత్తూరు కట్టు. తిరుపతి–చెన్నై దారిలోని ఈ ఊరికి తమిళనాడు, కర్ణాటకల నుంచీ జనం వస్తారు. కట్టుతో ఉన్న చేతిని ఎవరూ దాచుకోరు. అదే సీమలో ఒక ఇంటి కుర్రాడికి ఎవరూ లేనిచోట మాటలు వినిపిస్తున్నాయంటే తలుపులు మూసుకుంటాయి. ‘గాలి సోకింది’, ‘మందు పెట్టారు’ అంటూ తాయెత్తుల కోసం తిరుగుతారు. ‘వాళ్ల వంశంలోనే ఉందంట’ అనే మాట పుడితే చెల్లెలికి సంబంధం రాదని భయం.

పదిమందిలో ఒకరు

లేని మాటలు వినిపించే ఈ స్కిజోఫ్రీనియా ప్రపంచంలో రెండు కోట్లకు పైగా మందికి ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. జన్యువుల పాత్ర పెద్దదే. తల్లికో తండ్రికో జబ్బుంటే పిల్లల్లో దాదాపు పదిమందిలో ఒకరికి వస్తుంది. తొమ్మిదిమందికి రాదు. ఒకే జన్యువులతో పుట్టిన కవలల్లో ఒకరికి వచ్చినా, రెండోవారికి వచ్చే అవకాశం సగానికి మించదు. కాన్పులో ఇబ్బందులు, కుర్రతనంలో గంజాయి లాంటివీ ముప్పు పెంచుతాయి.

‘పిచ్చి జన్యువు’ అంటూ ఒక్కటి లేదు. 2022లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన అంతర్జాతీయ అధ్యయనం 76,755 మంది రోగుల జన్యు సమాచారాన్ని పరిశీలించి, జన్యుపటంలో ముప్పుతో ముడిపడిన 287 చోట్లను గుర్తించింది. ఆ చోట్ల కనిపించే జన్యు తేడాల్లో ఒక్కోదాని ప్రభావం అతి స్వల్పం. అలాంటి తేడాలు కొద్దో గొప్పో అందరిలోనూ ఉంటాయి. వేలెత్తి చూపే ఇంట్లోనూ ఉంటాయి.

మేనమామ, మేనబావలతో పెళ్లిళ్లు మామూలైన మన ప్రాంతంలో, రెండువైపులా ఈ జబ్బు ఉన్నవారుంటే ముప్పు పెరుగుతుంది. డాక్టరుతో దాపరికం లేకుండా మాట్లాడుకోవలసిన విషయమిది.

ధ్యాస నిలవకపోతే బద్ధకమేనా?

అరుపులు, అనుమానాలు అందరికీ కనబడతాయి. ధ్యాస చెదిరిపోవడం కనబడదు. పాఠం బుర్రకెక్కదు, కొట్లో నిలబెడితే లెక్క తప్పుతుంది. ఇంట్లోవాళ్లు బద్ధకమంటారు. 1971లో న్యూయార్క్‌లో ఎర్లెన్‌మేయర్-కిమ్లింగ్ పరిశోధక బృందం ఈ జబ్బున్న తల్లిదండ్రుల పిల్లలను ఏళ్ల తరబడి గమనించడం మొదలుపెట్టింది. వారిలో కొందరికి జబ్బు బయటపడకముందే, చిన్నతనంలోనే ధ్యాసలో తేడా కనిపించింది. అలాగని చదువు మీద ధ్యాస లేని పిల్లలను చూసి బెంబేలెత్తొద్దు. వారిలో అత్యధికులకు ఈ జబ్బు రాదు.

లేని మాటలు వినిపించడాన్ని మందులు తగ్గిస్తాయి. ధ్యాసను మాత్రం అంతగా సరిచేయలేవు. దానికి ప్రత్యేక సాధన, ఓర్పున్న ఇల్లు కావాలి.

ఆలస్యమే అసలు నష్టం

చికిత్స ఎంత ఆలస్యమైతే కోలుకోవడం అంత కష్టం. వేలూరు సీఎంసీ ఆసుపత్రి వారు బాగాయంలో 1957లో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య కేంద్రం, ఇంటివాళ్లను రోగి వెంటే ఉంచి వైద్యం చేసే పద్ధతికి పేరుపొందింది. తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ఇల్లు కదల్లేనివారు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.

సంబంధాలు కలిపే పెద్దలకు ఒక విన్నపం. జబ్బు మాట వినగానే వెనక్కి తిరిగితే, మరో కుటుంబం భయపడి బిడ్డను ఆసుపత్రికి తీసుకెళ్లడం మానేస్తుంది. ‘మా అబ్బాయికి ఫలానా జబ్బు, మందులు వాడుతున్నాం’ అని ధైర్యంగా చెప్పే ఇల్లు నమ్మదగిన ఇల్లు. ఆ ఇంటి పిల్లను చేసుకోండి.