బడికి బంధుబలము

గ్రామములో చెరువు ఎవరిదని అడిగినచో ఆయకట్టు రైతులందరును మాదే యందురు. గుడి ఎవరిదని అడిగినచో ఊరంతయు మాదే యనును. బడి ఎవరిదని అడిగినపుడు మాత్రము, అది ప్రభుత్వముదని చెప్పి ఊరకుండువారే ఎక్కువ. ఆ బడిలో ఓనమాలు దిద్దుకొని పోయినవారు పట్టణములలో ఉద్యోగములు, వ్యాపారములు చేయుచుందురు. కొందరు సముద్రములు దాటి పోయియుందురు. సంక్రాంతికి స్వగ్రామమునకు వత్తురు. బడిగోడ ప్రక్కనుండియే నడచి పోవుదురు. లోపల ఎందరు పిల్లలున్నారో, లెక్కలు చెప్పువారున్నారో లేరో వారికి తెలియదు, తెలుపువారును లేరు.

ఇట్లు బంధువులు లేని బడి క్రమముగా చిక్కిపోవును. మొదట స్తోమతు కలవారు తమ పిల్లలను ప్రయివేటు బడి బస్సు ఎక్కింతురు. పిల్లల సంఖ్య తగ్గిన కొలది ఉపాధ్యాయుల సంఖ్య తగ్గును; ఉపాధ్యాయులు తగ్గిన కొలది పిల్లలు మరింత తగ్గుదురు. చివరకు మిగులునది వేరు దారి లేని కూలి కుటుంబముల పిల్లలు, వారిలోను ముఖ్యముగా ఆడపిల్లలు. బడి మూతపడినచో పొరుగూరికి నడువవలసినది వారే. చదువు మానవలసి వచ్చునదియు వారే. కావున బడికి బంధుబలము కూర్చుట అలంకారప్రాయమైన పని కాదు.

ఆ బంధువులు మూడు విధములు: పాఠశాల ఉపాధ్యాయవర్గము, పూర్వవిద్యార్థులు, సమీపమునందలి విశ్వవిద్యాలయము. ఈ మువ్వురిని ఒకచోటికి తెచ్చువాడు ప్రధానోపాధ్యాయుడు. ఆయనకు తోడు నిలువవలసినది గ్రామపంచాయతీ.

పంచాయతీకి గల స్థానము

బడి విషయము మనకెందుకని కొందరు సభ్యులు సందేహింపవచ్చును. 1992నాటి 73వ రాజ్యాంగ సవరణద్వారా చేర్చబడిన పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన విషయములు 29 కలవు. అందు 17వది ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలలతో కూడిన విద్య, 18వది సాంకేతిక శిక్షణ, వృత్తివిద్య, 19వది వయోజన విద్య, 20వది గ్రంథాలయములు.

2009నాటి విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1న అమలులోనికి వచ్చినది. దాని 21వ సెక్షను ప్రకారము ప్రభుత్వ పాఠశాలలో యాజమాన్య సంఘము ఉండవలెను. అందు స్థానిక సంస్థకు ఎన్నికైన ప్రతినిధులు, తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు ఉందురు. సభ్యులలో కనీసము నాల్గింట మూడు వంతులు తల్లిదండ్రులు లేక సంరక్షకులు. సగము మంది స్త్రీలు. బడి పనిని గమనించుట, అభివృద్ధి ప్రణాళిక తయారుచేయుట ఈ సంఘపు విధులు. ప్రభుత్వము, స్థానిక సంస్థయే కాక మరే మూలమునుండి వచ్చిన సొమ్మైనను ఎట్లు ఖర్చగుచున్నదో చూచుటయు దాని విధియే. పూర్వవిద్యార్థులిచ్చు విరాళమును ఈ కోవలోనికే వచ్చును. కావున ఈ పనికి క్రొత్త అధికారమేదియు అక్కరలేదు. ఉన్నదానిని వినియోగించిన చాలును.

ఒక పూర్వోదాహరణము

విద్యాలయాధిపతి ఒక్కడు ఎంత బంధుబలము కూర్పగలడో చెప్పుటకు రఘుపతి వేంకటరత్నము నాయుడుగారి జీవితము తార్కాణము. ఆయన సికిందరాబాదు మహబూబు కళాశాలలోను, పిమ్మట 1919 వరకు కాకినాడ పిఠాపురం రాజావారి కళాశాలలోను ప్రిన్సిపాలుగా పనిచేసిరి. పిఠాపురం మహారాజుగారి తోడ్పాటును విద్యకును, అనాథబాలల పోషణకును మరల్చిరి. బాలికలను కళాశాలలో చేర్చుకొనిరి. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారివంటివారు ఆ కళాశాలలో చదివి, వారి ప్రభావమును జీవితాంతము చెప్పుకొనిరి. 1925 మొదలు 1928 వరకు నాయుడుగారు మదరాసు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులైరి. దాతను, ఉపాధ్యాయుని, శిష్యుని, విశ్వవిద్యాలయమును ఒక త్రాట కట్టినది వారి పదవి కాదు. వారియందు జనులకు గల నమ్మకము. చిన్న గ్రామములోని ప్రధానోపాధ్యాయునకును మూలధనము ఆ నమ్మకమే.

ముందు ఇంటివారు

పరులను పిలుచుటకు ముందు ప్రధానోపాధ్యాయుడు తన తోటి ఉపాధ్యాయులను కూర్చుకొనవలెను. బడికి ఏమి కావలెనో వారికే బాగుగా తెలియును. ఆరవ తరగతికి వచ్చియు కూడబలుకుకొని చదువుచున్న పిల్లవాడెవడో తెలుగు ఉపాధ్యాయిని ఎరుగును. ప్రయోగసామగ్రి బీరువాలో ఏవి పనిచేయుచున్నవో సైన్సు మాష్టరు ఎరుగును. వీరిని అడుగక తెచ్చిన సాయము వ్యర్థమగును.

ఒక బడికి పూర్వవిద్యార్థులు ఉత్సాహముతో పది కంప్యూటర్లు పంపిరనుకొందము. ఆ గదిలో విద్యుత్తు సరిగా లేదు, నేర్పువారు లేరు, చెడిపోయినచో బాగుచేయించుటకు సొమ్ము లేదు. అప్పుడు అవి గుడ్డ కప్పుకొని తాళము వెనుక నుండును. ఇచ్చినవారు మరుసటి సంవత్సరము వచ్చి చూచి, మరల ఇచ్చుటకు మనసు రాక మరలిపోవుదురు. పోయినది కంప్యూటర్ల వెల మాత్రమే కాదు, నమ్మకముకూడ. ఉపాధ్యాయులందరు కూర్చుండి, అవసరములను వరుసగా వ్రాసి, ఏది ముందో ఏది తరువాతనో నిర్ణయించిన పిదపనే బయటివారిని అడుగవలెను.

పూర్వవిద్యార్థులను కనుగొనుట

ప్రతి పాఠశాలలోను ఒక పాత నిధి కలదు. అది ప్రవేశ రిజిస్టరు. చేరిన ప్రతి బాలుని పేరు, తండ్రి పేరు, చేరిన తేది, విడిచిన తేది అందుండును. ఉపాధ్యాయులును, పెద్ద తరగతుల పిల్లలును దానినుండి సంవత్సరము వారీగా పేర్లు ఎత్తి వ్రాసినచో, ఎవరెక్కడ నున్నారో ఊరి పెద్దలు చెప్పగలరు. ఒక్కొక్క సంవత్సరపు జట్టులో ఒకరు దొరికిన చాలును. తక్కినవారిని వారే పిలుతురు. ఐతే రిజిస్టరులోని పుట్టినతేదులు, కులవివరములు బయటకు పోనీయరాదు.

పట్టికలో పెద్ద ఉద్యోగులను మాత్రమే చేర్చుట పొరపాటు. ఆ బడిలోనే చదివిన ట్రాక్టరు మెకానిక్కు, అంగనవాడి కార్యకర్త, నర్సు, తాపీమేస్త్రీ, సైన్యములో పనిచేసి వచ్చినవాడు, వీరందరును పూర్వవిద్యార్థులే. దూరమునుండి లక్ష రూపాయలు పంపువానికంటె, వారమునకొక సాయంకాలము వచ్చి పిల్లలకు లెక్కలు చెప్పువాడు మిక్కిలి ఆప్తుడు. కప్పు కారుచున్నప్పుడు వచ్చి చూచు మేస్త్రీ ఊరిలోనే యుండును.

మొదటి ఉత్తరములోనే ధనము అడుగరాదు. బడి క్షేమసమాచారము తెలుపవలెను: ఎందరు చదువుచున్నారు, ఎందరు పదవ తరగతి ఉత్తీర్ణులైరి, వారు ఎక్కడ చేరిరి, ఎవరు చేరలేకపోయిరి, ఏల చేరలేకపోయిరి. ఈ చివరి మాట చదివినవారికి తమ బాల్యము స్మృతికి వచ్చును. ఏమి చేయవలెనని వారే అడుగుదురు.

సొమ్ము విషయమున జాగ్రత్త

ధనము వచ్చుటతో అనుమానములును వచ్చును. కావున నాలుగు నియమములు పాటింపవలెను. ప్రతి విరాళమును బ్యాంకు ఖాతాద్వారానే స్వీకరింపవలెను. ప్రతిదానికి రసీదు ఇవ్వవలెను. ఖర్చు యాజమాన్య సంఘ తీర్మానముతోనే జరుగవలెను. జమాఖర్చుల పట్టిక బడిగోడమీద అంటించి, గ్రామసభలో చదివి వినిపింపవలెను.

విదేశములనుండి వచ్చు సొమ్మునకు ప్రత్యేక నిబంధన కలదు. భారత పౌరసత్వము నిలుపుకొన్నవారు అన్యదేశములో ఆర్జించిన సొంత సొమ్మును బ్యాంకుద్వారా పంపినచో అది విదేశీ విరాళముగా ఎంచబడదు. అన్యదేశపు పౌరసత్వము స్వీకరించినవారు ఇచ్చునది మాత్రము, వారు మన ఊరివారే యైనను, 2010నాటి విదేశీ విరాళముల నియంత్రణ చట్టము క్రిందికి వచ్చును. కావున అట్టి సొమ్ము తీసికొనుటకు ముందు విద్యాశాఖాధికారి సలహా పొందవలెను.

విశ్వవిద్యాలయము దూరమైనది కాదు

విశ్వవిద్యాలయమనగానే మనకు అందనిదను భావము కలదు. వాస్తవమునకు దానికిని గ్రామము అవసరమే. 2014నాటి నిబంధనల ప్రకారము రెండు సంవత్సరముల బి.ఇడి. విద్యార్థులు 20 వారములు బడిలో అనుభవము పొందవలెను. మీ ప్రధానోపాధ్యాయుడు కళాశాలవారితో మాట్లాడినచో వారిలో కొందరు మీ బడికి రావచ్చును. అది వారికి శిక్షణ. వెనుకబడిన పిల్లలకు అదనపు శ్రద్ధ.

జాతీయ సేవా పథకము గాంధీజీ శతజయంతి సంవత్సరమైన 1969లో సెప్టెంబరు 24న ప్రారంభమైనది. అందలి విద్యార్థులు ఏడు దినములు గ్రామములో శిబిరము నడుపుదురు. రోడ్లు ఊడ్చుటతో ఆ దినములు గడువనీయక, బడి గ్రంథాలయమును సర్దించుట, మరుగుదొడ్ల మరమ్మతు, బడి మానిన పిల్లల ఇండ్లకు పోయి మాట్లాడుట మొదలగు పనులు ముందుగా నిర్ణయించి ఉంచవలెను. 2014లో ఆరంభమైన ఉన్నత భారత్ అభియాన్ క్రింద ఉన్నతవిద్యాసంస్థలు కనీసము అయిదు గ్రామములను ఎన్నుకొని పనిచేయును. వ్యవసాయ విశ్వవిద్యాలయముల విద్యార్థులు పని అనుభవము కొరకు గ్రామములలో నివసింతురు. పొలములో చెప్పు పాఠమును బడితోటలోను చెప్పుమని వారిని కోరవచ్చును.

అన్నింటికంటె ముఖ్యమైనది దారి చూపుట. గ్రామీణ బాలబాలికలకొరకు 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము పదవ తరగతి ఫలితములను బట్టియే ఆరు సంవత్సరముల చదువునకు చేర్చుకొనును. కేంద్ర విశ్వవిద్యాలయముల డిగ్రీ ప్రవేశములకు 2022 మొదలు ఉమ్మడి పరీక్ష జరుగుచున్నది. ఈ దరఖాస్తులకు గడువు తేదులుండును. మంచి మార్కులు వచ్చిన బాలిక ఆ తేది తెలియక ఇంట కూర్చుండినచో ఆ తప్పు ఆమెది కాదు. ఆ విశ్వవిద్యాలయములో చదువుచున్న మీ ఊరి పూర్వవిద్యార్థి ఒక్కడు తేది తెలిపి, దరఖాస్తు నింపి పెట్టినచో ఒక కుటుంబపు బ్రతుకు మారును. దీనికి కాసు ఖర్చు లేదు.

బదిలీతో తెగని సంబంధము

ఇందొక చిక్కు కలదు. ప్రధానోపాధ్యాయునకు బదిలీ అగును. చిరునామాలు ఆయన ఫోనులో నుండును. స్నేహము ఆయనతో నుండును. ఆయన పోవుటతో సంబంధములన్నియు పోవును. క్రొత్తవారు మరల మొదటినుండి ఆరంభింతురు. బడికి ఇంతకంటె నష్టము లేదు.

దీనిని నివారింపగలది పంచాయతీయే. ఉపాధ్యాయులు వచ్చి పోవుదురు, ఊరు నిలిచియుండును. కావున పంచాయతీ సభ్యులు చేయదగినవి ఇవి: పూర్వవిద్యార్థుల పట్టిక ఒక ప్రతి బడిలోను, ఒక ప్రతి పంచాయతీ కార్యాలయములోను ఉంచుట; విశ్వవిద్యాలయమునకు వ్రాసిన ఉత్తరములను, వచ్చిన జవాబులను దస్త్రముగా కట్టుట; సంవత్సరమునకొకసారి, సొంత ఊరికి అందరు వచ్చు పండుగ రోజులలో, బడి ఆవరణలో పూర్వవిద్యార్థుల సమావేశము జరుపుట; బదిలీపై వచ్చిన ప్రధానోపాధ్యాయునకు మొదటి వారములోనే ఆ పట్టికను చేతికిచ్చి, పరిచయము చేయుట. బదిలీపై వెళ్ళినవారిని మరువక, సమావేశమునకు పిలుచుట. వారును బడికి బంధువులే కదా.

ఒక మాట జ్ఞప్తియందుంచుకొనవలెను. ప్రభుత్వము చేయవలసిన పనికి ఈ బంధుబలము బదులు కాదు. ఉపాధ్యాయుల నియామకము, భవనములు, పాఠ్యపుస్తకములు ప్రభుత్వ బాధ్యతలు; వానిని అడుగు హక్కును విరాళములు పొందినందున వదలుకొనరాదు. బంధువులు గల బడి తన హక్కును గట్టిగా అడుగగలదు, అడుగువారుందురు గనుక.

వచ్చు గ్రామసభ కార్యక్రమములో ఈ విషయమును చేర్చుడు. ప్రధానోపాధ్యాయుని పిలిచి, ప్రవేశ రిజిస్టరులోని మొదటి పుట చదివింపుడు. అందలి పేర్లలో ఒకటి మీ తండ్రిదో, తాతదో కావచ్చును. వారికి అక్షరము పెట్టిన బడి నేటి పిల్లలకును పెట్టునట్లు చూచుట మన వంతు.