కెరిస్సు : మలయుల వంశాయుధము

తాతలు విడిచిన సొత్తును అనుభవించుట సులభము; దానిని చెడనీయక మనుమలకు అప్పగించుట కష్టము. మలయా ద్వీపకల్పమునందును, జావా, సుమత్రా మొదలగు దీవులయందును తరతరములుగా వచ్చుచున్న కెరిస్సు అను బాకు ఇందులకు మంచి నిదర్శనము. దానినిగూర్చి చదువరులకు కొంత తెలుపదలచితిమి.

కెరిస్సు రెండువైపుల వాదరగల ఆయుధము. దాని అలుగు పిడియొద్ద ఒకప్రక్కకు వెడల్పై, మొనవైపునకు సన్నగిల్లును. కొన్ని అలుగులు తిన్ననివి. కొన్ని పామునడకవలె వంకరలు తిరిగినవి. వంకరల సంఖ్య బేసిగా నుండుట ఆచారము. కమ్మరి మామూలు ఇనుమును, నికెలు కలిసిన ఇనుమును పొరలుగా పేర్చి, కాల్చి, సాగగొట్టి, మడచి, మరల సాగగొట్టును. అందువలన అలుగుమీద చారలేర్పడును. వీనికి పమోర్ అని పేరు. జావాలో ప్రంబానన్ సమీపమున 18వ శతాబ్దమునందు పడిన ఉల్కలోని లోహమునుగూడ ఇందులకు వాడిరి.

వంశక్రమమున సంక్రమించు ఇట్టి వస్తువును వారు పుసాక యందురు. కథలలో హంగ్ తువా అను వీరుడు ధరించినట్లు చెప్పబడు తామింగ్ సారి అను పేరుగల కెరిస్సు పెరక్ సుల్తానుల రాజచిహ్నములలో నొకటిగా నున్నది.

ఆ దేశముల గాలి తేమగలది; ఇనుము త్వరగా త్రుప్పుపట్టును. కావున అలుగును నిమ్మరసముతో తోమి, త్రుప్పు వదలిన పిమ్మట పాషాణము కలిపిన నిమ్మరసమును పూయుదురు. అంతట ఇనుము నల్లబడును. నికెలు చారలు వెండివలె మెరయును. పిదప కడిగి, ఆరబెట్టి, సువాసనగల నూనె రాయుదురు. జావావారు ఈ పనిని తమ సంవత్సరమున మొదటిదైన సురో మాసమునందు చేయుట వాడుక. పాషాణము విషము గనుక ఇది నేర్పరులు మాత్రమే చేయదగిన పని.

ఇందొక చిక్కు కలదు. పులుసు త్రుప్పునేగాక ఇనుమునుగూడ కొంత తినును. తోమినకొలది అలుగు పలుచనగును. తోమకున్న త్రుప్పు తినివేయును. ఎన్నడు తోమవలెనో, ఎన్నడు నూనెతో సరిపుచ్చవలెనో ఎరుగుటయే కాపాడువాని నేర్పు.

ఇనుము నిలిచినను దాని కథ మరుగుపడవచ్చును. 1825 మొదలు 1830 వరకు డచ్చివారితో పోరాడిన జావా రాజకుమారుడు దీపనెగరుని కెరిస్సు హాలండు చేరెను. అచ్చటి ప్రదర్శనశాలలో అది భద్రముగానే యుండెను. కాని అది ఎవరిదో తెలియకపోయెను. పండితులు పాతలేఖల సాక్ష్యముతో దానిని గుర్తించిన పిమ్మటనే, 2020 మార్చి నెలలో ఇండొనీషియాకు తిరిగి అప్పగింపబడెను.

యునెస్కో సంస్థ 2005వ సంవత్సరమున ఇండొనీషియా కెరిస్సును మానవజాతి వారసత్వములలో నొకటిగా ప్రకటించినది. ఆ గౌరవము ఉక్కునకు మాత్రమే కాదు. దానిని చేయు విద్యకును, దానితోడి ఆచారములకును చెందినది. కాబట్టి కెరిస్సు నిచ్చు తండ్రి కుమారునకు మూడింటిని ఇయ్యవలెను: అలుగు, దానిని కాపాడు నేర్పు, దాని చరిత్రము. మొదటిదొక్కటియే అందినవానికి అందినది ఇనుపముక్క మాత్రమే.