పగడపు తొట్టికి వెలుగు

పగడమనగానే మనకు నవరత్నములు జ్ఞప్తికి వచ్చును. ఉంగరమున పొదిగెడు ఎఱ్ఱని రాయిగానే చాలమంది దాని నెఱుగుదురు. నిజమునకు పగడము రాయి కాదు. కోమలమైన చిన్న ప్రాణులు గుంపులుగూడి తమకొఱకు కట్టుకొన్న గట్టి గూడు. ఇందు రెండు తెగలను మొదటనే వేఱుచేసి చూడవలెను. ఆభరణములకు వచ్చు ఎఱ్ఱపగడము మధ్యధరా సముద్రమున మసకచీకటి తావులలో పెరుగును. దానికి ఎండతో పనిలేదు. ఉష్ణమండల సముద్రములలో దిబ్బలు కట్టు పగడములు అట్టివి కావు. వాని శరీరములో కంటికి కానరాని నాచుకణములు కాపురముండును. ఆ నాచు వెలుతురును గ్రహించి, ఆహారమును సిద్ధపఱచి, అందు పెద్దభాగమును తనకు తావిచ్చిన పగడమునకే ఇచ్చును.

కనుక గాజుతొట్టిలో ఉప్పునీరు నింపి పగడములను పెంచదలచువారికి దీపము అలంకారము కాదు. అది పగడమునకు పెట్టు అన్నము. అన్నము చాలకున్న ప్రాణి కృశించును, మితిమీరినను కీడే. ఆ మితిని కనుగొని, మెటల్ హాలైడ్ దీపమును ఎట్లు ఎంచుకొనవలెనో, ఎట్లు సర్దుకొనవలెనో మనవి చేయుట ఈ ప్రసంగమున మా ఉద్దేశ్యము.

పగడపు దిబ్బలు చాలవఱకు భూమధ్యరేఖకు ఇరుప్రక్కల 30 డిగ్రీల లోపలనే యున్నవి. బెర్లిను నగరము 52 డిగ్రీల ఉత్తరమున నున్నది. అచ్చట శీతకాలమున కొన్ని వారములపాటు పగలు ఎనిమిది గంటలైనను ఉండదు. అట్టి చోట్ల పగడములను పెంచబూనినవారు 1980 ప్రాంతములలో ఈ దీపమును ఆశ్రయించిరి. సూక్ష్మజీవులు నివసించు సముద్రశిలలు, నురుగుతో మలినమును తీసివేయు యంత్రము, బలమైన వెలుతురు - ఈ మూటి కూడికకు బెర్లిన్ పద్ధతి యని పేరు వచ్చినది. ఆనాటి సాధారణపు ట్యూబులైట్లు పైనీటిని వెలిగించెడివే గాని, లోతైన తొట్టి యడుగున నున్న పగడమునకు చాలినంత బలము నిచ్చెడివి కావు.

దీపపు నిర్మాణము తెలిసినచో జాగ్రత్తలు వాటంతట అవియే బోధపడును. ఒకప్పటి వీధులలోని పాదరసపు దీపమునకు ఇది దగ్గఱి చుట్టము. లోపల స్ఫటికముతో చేసిన చిన్న గొట్టము గలదు. అందు పాదరసముతోపాటు కొన్ని లోహముల లవణము లుండును. విద్యుత్తు ఆ గొట్టములో మెఱుపువలె సాగగా లవణములు ఆవిరియై వెలుగును. ఈ మెఱుపును అదుపులో నుంచుటకు చోకు కావలెను. 250 వాట్ల బల్బునకు 250 వాట్ల చోకే యుండవలెను. అదియు ఆ బల్బు రకమునకు తగినదై యుండవలెను. పూర్తి వెలుగు వచ్చుటకు కొన్ని నిమిషములు పట్టును. కరెంటు పోయి వచ్చినపుడు దీపము చల్లారువఱకు తిరిగి వెలుగదు. అది చెడినదని తొందరపడి మీటను మాటిమాటికి నొక్కరాదు.

ఈ వెలుగులో అతినీలలోహిత కిరణములు కూడ నుండును. ఒకవైపు మాత్రమే బిగించు బల్బునకు పైనున్న గాజుబుడ్డి వానిని చాలవఱకు అడ్డగించును. రెండు చివరల బిగించు బల్బునకు ఆ బుడ్డి లేదు. కావున దాని క్రింద తగిన గాజుపలక తప్పక యుండవలెను. పలక పగిలియుండగా ఆ దీపమును వెలిగించినచో పగడమునకే గాక మన కన్నులకును హాని.

ఇక ఎంపిక. రెండడుగుల పొడవునకు ఒక దీపమనియు, అడుగున్నర లోతునకు 150 వాట్లు, రెండడుగులకు 250 వాట్లు, అంతకు మించిన లోతునకు 400 వాట్లు అనియు వాడుకలోని ఉజ్జాయింపు లెక్క. రంగును కెల్విన్ అను కొలతతో చెప్పుదురు. 6500 కెల్విన్ పగటివెలుగు వంటిది. 10000 కొంచెము నీలిఛాయ గల తెలుపు. 20000 గాఢమైన నీలము. సముద్రపునీరు ఎఱుపును ముందుగా మ్రింగివేసి నీలమును లోతునకు పోనిచ్చును. అందువలన నీలివెలుగులో పగడముల రంగులు కన్నులపండువుగా కనబడును. కాని వాట్లు సమానమైనపుడు 20000 బల్బు, 10000 బల్బుకంటె సాధారణముగా తక్కువ వెలుతురునే ఇచ్చును. వెలుతురు విరివిగా కోరు పగడములకు 10000 గాని 14000 గాని తగియుండును.

ఇచ్చటనే మన కన్ను మనలను మోసగించును. కన్ను పచ్చ, పసుపు రంగుల కాంతిని ఎక్కువగా గుర్తించును. నాచు నీలమును, ఎఱుపును ఎక్కువగా వాడుకొనును. అందువలన మనకు మసకగా తోచునది పగడమునకు మధ్యాహ్నపు ఎండ కావచ్చును. కెమెరాలవారు వాడు లక్స్ మీటరును కంటి తీరుననుసరించి చేసినదే. మొక్కలకు పనికివచ్చు వెలుతురును మైక్రోమోళ్ళలో కొలుచు పరికరము వేఱుగ గలదు. ఉష్ణమండలమున నడిమధ్యాహ్నపు ఎండ ఆ కొలతలో సుమారు 2000. తొట్టిలో మెత్తని పగడములకు 50 మొదలు 150 వఱకు, కొమ్మలు వేయు గట్టి పగడములకు 200 మొదలు 400 వఱకు సాధారణముగా చాలును. తొట్టి పైభాగమున, నడుమ, అడుగున వేర్వేరుగ కొలిచి, ఏ పగడము ఎచ్చట నుండవలెనో నిర్ణయించుట మేలు.

సర్దుబాటు నెమ్మదిగా జరుగవలెను. దీపమును మొదట నీటికి అడుగున్నర ఎత్తున వ్రేలాడదీసి, రోజునకు మూడు నాలుగు గంటలు మాత్రమే వెలిగింపవలెను. పిదప వారమువారమును గంట చొప్పున పెంచుచు ఏడెనిమిది గంటలకు తేవలెను. ఎత్తును కొంచెము కొంచెముగా తగ్గింపవచ్చును. ఒకేదినమున ఎత్తును, గంటలను రెంటిని మార్చరాదు. వెలుతురు ఎక్కువైనచో పగడము తన నాచును వెడలగొట్టి తెల్లబడును. తక్కువైనచో కొన్ని గోధుమవన్నెకు తిరుగును, కొన్ని వెలుగువైపు సాగును. తెల్లబడిన పగడము వెంటనే చచ్చినట్లు కాదు; వెలుతురు తగ్గించి నీటిని చల్లగా నుంచినచో తేరుకొనవచ్చును. బల్బు ఏడాదిలో బలహీనపడి రంగు మార్చుకొనును. క్రొత్తది వేసినపుడు పగడమునకు క్రొత్త ఎండ తగిలినట్లే. మరల మొదటినుండి అలవాటు చేయవలెను.

వేడిమి మఱొక చిక్కు. తొట్టినీరు 25 మొదలు 27 డిగ్రీల వఱకు ఉండుట మంచిది. ఈ దీపము నీటిని త్వరగా వేడిచేయును. ఫ్యాను గాని చల్లబఱచు యంత్రము గాని అవసరమగును. ఫ్యానుగాలికి నీరు ఆవిరియగును గాని ఉప్పు పోదు. కావున తగ్గినమేర శుద్ధమైన మంచినీటినే పోయవలెను. ఉప్పునీరు పోసినచో లవణము మితిమీరును. తీగ వెంబడి నీరు ప్లగ్గులోనికి జారకుండ తీగను ప్లగ్గుకంటె క్రిందికి వ్రేలాడునట్లు వంచవలెను.

ఇప్పుడు చాల ఇండ్లలో ఎల్.ఇ.డి. దీపములు ఈ దీపముల స్థానమును ఆక్రమించినవి. వానికి కరెంటు తక్కువ, వేడిమి తక్కువ. అయినను కొలత, నెమ్మది యను రెండు నియమములు మాఱలేదు. మన దేశమున గట్టి పగడములన్నియు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో నున్నవి. కావున మన సముద్రమునుండి వానిని పెకలించి తెచ్చుట నేరము. విదేశములలోని మనవారు కూడ తొట్టిలో పెంచిన ముక్కలనే కోరి కొనుట మేలు.

తొట్టిలో జరుగు ఈ తెల్లబాటే సముద్రమునను జరుగుచున్నది. నీరు మామూలు వేసవికంటె ఒక డిగ్రీ హెచ్చి కొన్ని వారములు నిలిచినచో చాలు, దిబ్బలు పాలిపోవును. మన లక్షద్వీపములలో 1998, 2010, 2016 సంవత్సరములలో ఇట్లు జరిగినది. తొట్టిపై దీపమును మనము ఎత్తి కట్టగలము, ఆర్పగలము. సముద్రము విషయమున ఆ సౌకర్యము లేదు. అచ్చట నీరు వేడెక్కకుండ చూచుకొనుట ఒక్కటే ఉపాయము.