రానూపోనూ ఒకే దారి

కాకినాడలో తుపాను గాలి మొదలైతే జనం కరెంటు ఉందా పోయిందా అని చూస్తారు. లైనులో లోపం పసిగట్టే రిలేలను పరీక్షించే ఎంఆర్‌టీ విభాగంలో పనిచేసేవాణ్ని కాబట్టి నాకు ఇంకో ప్రశ్న ఉంటుంది: చెడిన లైను ఒక్కటే పడిందా, దాంతోపాటు నిక్షేపంగా ఉన్న లైన్లు కూడా పడిపోయాయా?

సముద్రం పక్కన లైన్లకు అవస్థలు ఎక్కువ. గాలికి ఇన్సులేటరు డిస్కుల మీద ఉప్పు పేరుకుంటుంది. తెల్లవారుజామున దానిమీద మంచు తడి పడితే కరెంటు డిస్కు మీదుగా టవరులోకి దూకుతుంది. అటు మన్యంలో, 460 మెగావాట్ల దిగువ సీలేరు జలవిద్యుత్ కేంద్రం నుంచి వచ్చే లైన్లకు పిడుగులూ చెట్లూ ఎదురు. ఎక్కడ ఫాల్టు వచ్చినా 2010 నాటి కేంద్ర ప్రమాణాల ప్రకారం 220 కేవీ లైనును 160 మిల్లీసెకన్లలో, 400 కేవీ లైనును 100 మిల్లీసెకన్లలో విడగొట్టాలి. అందులో బ్రేకరు తెరుచుకోవడానికే 40 నుంచి 60 దాకా పోతాయి. మిగిలిన కాస్త వ్యవధిలో రిలే తేల్చుకోవాలి.

ఒక చివరే ఉండి వోల్టేజీ, కరెంటు కొలిచి ఫాల్టు ఎంత దూరంలో ఉందో లెక్కగట్టేది డిస్టెన్స్ రిలే. చాలాకాలంగా మనల్ని కాపాడుతున్నది అదే. కానీ లోడు మితిమీరితే దాన్నే ఫాల్టుగా భ్రమపడవచ్చు. 2012 జులై 30 తెల్లవారుజామున బీనా–గ్వాలియర్ 400 కేవీ లైను అలాగే పడిపోయింది. లైనులో ఏ లోపమూ లేదు, అయినా ఉత్తర భారతం చీకటైంది. దక్షిణ గ్రిడ్డు అప్పటికింకా దానితో కలవలేదు కాబట్టి మన దాకా రాలేదు. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ లైనుతో మనమూ కలిశాం.

లోడుకు తడబడని పద్ధతి డిఫరెన్షియల్. 1904లో ఇంగ్లండులో మెర్జ్, ప్రైస్ అనే ఇంజనీర్లు దీనికి పేటెంటు తీసుకున్నారు. ధవళేశ్వరంలో కాలువకు వదిలిన నీరు శివారుకు చేరకపోతే మధ్యలో గండి పడ్డట్టే కదా, లైనులోనూ అంతే. ఒక చివర ఎక్కిన కరెంటు రెండో చివర దిగకపోతే ఫాల్టు మధ్యలోనే ఉంది. అయితే రెండు చివరల కొలతలూ క్షణక్షణం ఒకదానికొకటి తెలియాలి. ఆ కబురు మోసేది గాజు పోగు.

అది ఉండేది టవరు నెత్తిమీద, పిడుగును కాచుకునే ఎర్త్ వైరు లోపల. 24 పోగులో 48 పోగులో ఉంటాయి. పోగు మందం 125 మైక్రాన్లు, అందులో వెలుగు నడిచే దారి 9 మైక్రాన్లే. రెండు ముక్కలు అతకాలంటే పైపూత ఒలిచి, ఆల్కహాలుతో తుడిచి, కొసను నిటారుగా కోసి, చిన్న విద్యుత్ మెరుపుతో కరిగించి కలపాలి. టవరు కింద గాలి దుమారంలో ఈ పని చేసే కుర్రాళ్లను చూస్తే నాకు గౌరవం. ఒక్క ధూళి కణం చాలు, అతుకు చెడడానికి. ఇంత జాగ్రత్తగా అతికినా నూరు కిలోమీటర్లు వెళ్లేసరికి మిగిలేది బయల్దేరిన వెలుగులో నూరో వంతు మాత్రమే. రిలేకు అదే చాలు. వెలుగు ఆ దూరం దాటడానికి పట్టే సమయం అర మిల్లీసెకను.

కాబట్టి దూరం పెద్ద సమస్య కాదు, దారి సమస్య. రిలే అవతలి చివరకు కబురు పంపి, జవాబు వచ్చేదాకా పట్టిన కాలంలో సగం పోవడానికి, సగం రావడానికి అనుకుంటుంది. కబురును, చాలా కబుర్లను ఒకే పోగులో కలిపి పంపే మల్టీప్లెక్సరు ద్వారా, ఊళ్లను చుట్టివచ్చే రింగు మీద పంపారనుకోండి. ఎక్కడో పోగు తెగితే రింగు తనంతట తాను వేరే దారి పట్టిస్తుంది. అది ఒక వైపే మారితే పోయే దారి దగ్గర, వచ్చే దారి దూరం అవుతుంది. రెండింటికీ 2 మిల్లీసెకన్ల తేడా వచ్చిందంటే రిలే లెక్క ఒక మిల్లీసెకను తప్పుతుంది. 50 సైకిళ్ల కరెంటులో అది 18 డిగ్రీలు. ఏ లోపమూ లేని లైనులో లోడు కరెంటులో 31 శాతం మాయమైనట్టు కనిపిస్తుంది.

ఒకచోట ఇదే జరిగింది. రాత్రి తేలిక లోడులో ఏమీ కాలేదు. మర్నాడు సాయంత్రం లోడు పెరగగానే లైను ట్రిప్పయింది. లైన్‌మన్లు టవరు టవరూ తిరిగారు, పగిలిన డిస్కు ఒక్కటీ దొరకలేదు. రిలే రికార్డు తెరిస్తే రెండు చివరల కరెంటు తరంగాలూ ఒకే ఎత్తు, ఒకే ఆకారం, ఒకటి కాస్త పక్కకు జరిగి ఉంది. రింగు మారిన వేళ చూశాక గుట్టు తెలిసింది.

మందు సులువైనదే. రెండు వైపులా కలిపే మారేలా రింగును అమర్చవచ్చు, రెండు చివరలా జీపీఎస్ గడియారం పెట్టవచ్చు. నా మటుకు నేను కోరేది అంతకన్నా సూటిది: మధ్యలో ఏ పెట్టే లేకుండా రిలే నుంచి రిలేకు నేరుగా రెండు పోగులు. కాకినాడ జేఎన్‌టీయూలో చదివి ఈ కొలువులోకి వచ్చే పిల్లలకు నా మనవి ఇదే. ఎర్త్ వైరులోని పోగులు ఇంటర్నెట్టుకూ అద్దెలకూ పంచేముందు, రిలేలకు రెండు పోగులూ, వాటికి తోడుగా మరో రెండూ పక్కన పెట్టండి.