మంచు కరిగాక ఉప్పు ఎటు పోతుంది?

మంచినీరు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. నూటికి 23 పాళ్ళు ఉప్పు కలిసిన నీరు మైనస్ 21 సెల్సియస్ దాకా గడ్డకట్టదు. మంచు పడే దేశాల్లో చలికాలం రోడ్లమీద ఉప్పు చల్లేది ఇందుకే. ఆచరణలో మైనస్ 9 దాటితే మామూలు ఉప్పు పెద్దగా పనిచెయ్యదు. అప్పుడు కాల్షియం క్లోరైడ్ వాడతారు, లేదా ఇసుక పోస్తారు. ఇసుక మంచును కరిగించదు, టైర్లకు పట్టునిస్తుంది, అంతే. చక్రాల కింద నలిగి దుమ్మవుతుంది. కాలువల్లో చేరి చేపలు గుడ్లు పెట్టే గులకరాళ్ళ సందులు పూడుస్తుంది. అయినా చలి తగ్గాక చాలామటుకు ఊడ్చి ఎత్తెయ్యొచ్చు. ఉప్పును ఊడ్చే చీపురు లేదు.

అమెరికాలో ఏటా సుమారు రెండు కోట్ల టన్నుల ఉప్పు ఇలా రోడ్లపాలవుతోంది. మిన్నియాపొలిస్, సెయింట్ పాల్ జంటనగరాల్లో చల్లినదాంట్లో నూటికి 70 వంతులు నదిలో పడి పోకుండా అక్కడి చెరువుల్లో, నేలలో, భూగర్భజలంలో నిలిచిపోతోందని మిన్నెసోటా విశ్వవిద్యాలయ పరిశోధకులు లెక్కగట్టారు. క్లోరైడ్‌ను మట్టి పట్టి ఉంచదు, సూక్ష్మజీవులు విడగొట్టవు. లీటరుకు 230 మిల్లీగ్రాములు మించి చాలాకాలం ఉంటే మంచినీటి జీవాలకు హాని అన్నది అమెరికా పర్యావరణ సంస్థ పెట్టిన హద్దు.

సోడియం చేసే చెరుపు వేరు. మట్టిరేణువులను అంటుకున్న కాల్షియాన్ని తోసేసి ఆ చోట తాను కూర్చుంటుంది. మట్టి గుల్లతనం పోయి, తడిస్తే నీరు ఇంకదు, ఎండితే రాయవుతుంది. చవుడు నేల దున్నినవారికి ఈ వర్ణన కొత్త కాదు. మందు కూడా అదే: జిప్సం వేసి, విడివడిన సోడియాన్ని మంచినీటితో కడిగెయ్యాలి.

మంచు ఎరగని నెల్లూరు పడమటి మెట్టలో, ఉదయగిరి, ఆత్మకూరు వైపు, నీళ్ళలోకి లవణాలు రాళ్ళ నుంచే వస్తాయి. వాన తక్కువ, ఎండ ఎక్కువ. కరిగినవి కొట్టుకుపోక బోరునీళ్ళలో చిక్కబడతాయి. ఫ్లోరైడ్ బెడద అలాంటిదే. దేశంలో ఫ్లోరోసిస్‌ను వైద్యులు 1937లో మొదట నమోదు చేసింది అప్పటి నెల్లూరు జిల్లాలోనే. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము, క్లోరైడ్ 250 మించకూడదని మన ప్రమాణం; వేరే నీటివనరు లేనిచోట 1.5, 1000 దాకా సరిపెట్టుకోమంటుంది. ఆర్వో యంత్రం లవణాన్ని మాయం చెయ్యదు, బయటికి వదిలే నీటిలోకి నెడుతుంది. ఆ నీరు మళ్ళీ నేలలోకే ఇంకుతుంది.

రాతిలోంచి వచ్చేదాన్ని ఆపలేం. రోడ్డుమీది ఉప్పు మాత్రం మనిషి చేతిలోది. మంచు పడకముందే ఉప్పునీళ్ళు పిచికారీ చేస్తే, పడ్డాక ముందు పారతో గీకేస్తే, చాలా తక్కువ ఉప్పుతో పని జరిగిపోతుంది.