గోదావరిపై విశ్రాంతిలో హేవ్‌లాక్ వంతెన

రాజమండ్రిని కొవ్వూరుతో కలుపుతూ 1897లో పనులు మొదలై 1900లో రైళ్లకు తెరుచుకున్న ఈ వంతెనకు నాటి మద్రాసు గవర్నరు హేవ్‌లాక్ పేరు పెట్టగా, కాశీలో గంగపై డఫరిన్ వంతెన కట్టిన ఇంజనీరు వాల్టన్ దీని నిర్మాణాన్ని నడిపించాడు. గోదావరి గర్భమంతా ఇసుకే కనుక, బోలుగా కట్టిన గుండ్రటి వరలను, లోపలి ఇసుక తోడేకొద్దీ సొంత బరువుతో కిందికి దిగనిచ్చి, గట్టినేల తగిలాక పూడ్చే ‘బావి పునాది’ పద్ధతి ఇక్కడ అనివార్యమైంది. వాటిపై లేచిన రాతి స్తంభాలు 56 ఖానాల ఉక్కు దూలాలను, అంటే ఒక్కొక్కటి 150 అడుగుల గర్డర్లను, దాదాపు శతాబ్దం మోశాయి. విల్లు ఆకారపు కొత్త వంతెన అందుబాటులోకి వచ్చాక, 1997లో దీనిపై రాకపోకలు ఆగాయి. పాడుబడిందనడం కొంత తొందరపాటే, ఎందుకంటే తుప్పు పట్టింది ఉక్కుకే గాని రాతికట్టడానికి కాదు.