నేలను పలకరించే పలక

పిల్లలూ! మీ తాతల కాలంలో బడికి వెళ్ళే ప్రతివాడి చంకలోనూ ఒక పలక ఉండేది. ఇప్పుడు మీ చేతికి మరోరకం పలక వచ్చింది. దాన్ని టాబ్లెట్ అంటున్నారు. అందులో పాఠాలు వినవచ్చు, బొమ్మలు చూడవచ్చు. కాని ఇంటి వెనక వేరుసెనగ చేనులో తడి ఉన్నదో లేదో అది చెప్పగలదా? తనంతట తాను చెప్పలేదు. ఒక తీగ తగిలించి మనం నేర్పితే చెబుతుంది.

చవకపలక అనగానే పెద్దలకు ‘ఆకాశ్’ గుర్తుకు వస్తుంది. 2011 అక్టోబరు 5న ఢిల్లీలో కేంద్రప్రభుత్వం దాన్ని విద్యార్థుల కోసం విడుదల చేసింది. ప్రభుత్వానికి పడిన ఖరీదు ఒక్కొక్కదానికి సుమారు 2,250 రూపాయలు. దాన్ని మన హైదరాబాదులోనే బిగించారు. ఆ పథకం కొన్నేళ్ళకే ఆగిపోయింది. అయితే అదే 2011లో వచ్చిన ఆండ్రాయిడ్ 3.1తో ఒక మంచి సదుపాయం కలిగింది. పలకకు యూఎస్‌బీ తీగతో తగిలించిన పరికరాలతో యాప్‌లు నేరుగా మాట్లాడసాగాయి. 2022 డిసెంబరులో మన రాష్ట్రంలో ప్రభుత్వ బడుల ఎనిమిదో తరగతి పిల్లలకు కూడా టాబ్లెట్లు ఇచ్చారు. మీది బడి ఇచ్చిన పలక అయితే, దానికి ఏది తగిలించాలన్నా ముందు మీ ఉపాధ్యాయుణ్ణి అడగండి.

చుట్టమా, యజమానా?

పలకను కంప్యూటరుకు తగిలిస్తే అది చుట్టంలా ఉంటుంది. కంప్యూటరు పెట్టిన విద్యుత్తు తీసుకుంటుంది, అడిగినదానికి జవాబు చెబుతుంది. మనకిప్పుడు పలకే యజమాని కావాలి. అందుకు ఓటీజీ అనే చిన్న తీగ ఉన్నది. పాతరకం తీగలో ఒక అదనపు కాలును భూమితీగకు కలిపి ఉంచుతారు. పలక అది గమనించి, “ఓహో, నేనే యజమానిని!” అనుకొని 5 వోల్టుల విద్యుత్తు ఇస్తుంది. కొత్తరకం టైప్-సీ తీగలో ఈ పని ఒక నిరోధకం చేస్తుంది.

పలకకు అంకెలు తప్ప మరేమీ తెలియవు. నేలకు అంకెలు రావు. కనక మధ్య ఒక దుబాసీ కావాలి. 2005లో ఇటలీలో విద్యార్థుల కోసం పుట్టిన ఆర్డుయినో అనే బోర్డు ఆ పని చేస్తుంది. అందులో ‘ఊనో’ అనే రకం 0 నుంచి 5 వోల్టుల దాకా ఉండే విద్యుత్పీడనాన్ని 0 నుంచి 1023 దాకా అంకెలుగా మారుస్తుంది.

ప్రయోగం

తుప్పు పట్టని మేకులు రెండు తీసుకొని, రెండు అంగుళాల ఎడంతో మట్టి డబ్బాలో గుచ్చండి. ఒక మేకును బోర్డు మీద 7 అని రాసి ఉన్న రంధ్రానికి, రెండోదాన్ని ఏ0 అనే రంధ్రానికి తీగలతో కలపండి. ఏ0కూ జీఎన్‌డీ అనే రంధ్రానికీ మధ్య 10,000 ఓముల నిరోధకం పెట్టండి. బోర్డుకు ఇవ్వవలసిన ఆజ్ఞలు ఇవి: 7కు విద్యుత్తు ఇవ్వు, ఏ0 చదువు, 7ను ఆపు, అంకెను పలకకు పంపు, ఒక నిమిషం ఆగు. మధ్యలో ఆపడం ఎందుకంటే, విద్యుత్తు ఎడతెగకుండా పారితే మేకులు త్వరగా తినుకుపోతాయి. పలకలో సీరియల్ టెర్మినల్ అనే రకం ఉచిత యాప్ ఉంటే అంకెలు కనిపిస్తాయి. తడి పెరిగితే అంకె పెరుగుతుంది.

అసలు గమ్మత్తు ఇప్పుడు వస్తుంది. పత్తికొండ వైపు ఎర్రమట్టి, జమ్మలమడుగు వైపు నల్లరేగడి తెప్పించి, బాగా ఎండబెట్టి, చెరి అరకిలో వేరువేరు డబ్బాల్లో పోయండి. రెండింటికీ 50 మిల్లీలీటర్ల చొప్పున నీళ్ళు పోసి కలుపుతూ, ప్రతిసారీ అంకె రాసుకోండి. నీళ్ళు సమానమే అయినా అంకెలు సమానంగా ఉండవు! ఎరువు కలిసినా అంకె పెరుగుతుంది. నీరు మాత్రం పెరగదు. రేగడి ఎండి నెర్రెలు విచ్చితే మేకుకు మట్టి తగలక అంకె పడిపోతుంది. పైగా రేగడి నీటిని గట్టిగా పట్టుకుంటుంది, వేళ్ళకు అంత సులభంగా ఇవ్వదు.

కనక పలక చెప్పేది అంకె మాత్రమే. దాని అర్థం మనం కనుక్కోవాలి. అందుకు మంచి గురువు మీ ఇంట్లోనే ఉన్నాడు. తాత పిడికెడు మట్టి తీసి, పిసికి చూసి, “ఇంకా రెండు రోజులు ఆగవచ్చు” అంటాడు. ఆయన మాట ఒక వరసలో, పలక అంకె పక్క వరసలో నెలరోజులు రాయండి. మీ చేనులో ఏ అంకెకు నీళ్ళు పెట్టాలో అప్పుడు తేలుతుంది. బోరులో నీళ్ళు అరుదైన మన సీమలో ఒక్క తడి మిగిలినా లాభమే కదా!

ఒక్క హెచ్చరిక. ఈ బోర్డు కాలు నుంచి 20 మిల్లీ ఆంపియర్లకు మించి తీసుకోకూడదు. చిన్న దీపం వెలిగించాలన్నా 220 ఓముల నిరోధకం ఉండాలి. మోటారును నేరుగా తగిలిస్తే బోర్డు కాలిపోతుంది. బోర్డు పోతే మరొకటి కొనవచ్చు, ప్రాణం కొనలేము. ఇంటి ప్లగ్గు జోలికి, బోరు మోటారు స్టార్టరు పెట్టె జోలికి ఎన్నడూ పోకండి. పలక, “తడి చాలదు” అని చెబితే ఆ కబురు నాన్నకు అందించండి. మోటారు వేసే పని ఆయనది.